తాతయ్య వాచీ ఎవరు చేసింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు ఇంట్లో పెద్దవాళ్ళు వదిలివెళ్ళిన పాత చేతి వాచీల గురించే. దాదాపు అందరూ అడిగింది ఒకటే, "ఇది ఏ కంపెనీది?" అని. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా తాతయ్య పెట్టెలో ఒక కీ ఇచ్చే వాచీ దొరికిందండీ. డయల్ మీద పేరు చెరిగిపోయింది, కింద అంచున 'స్విస్ మేడ్' అని మాత్రం కనిపిస్తోంది. వెనక మూత మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్', 'వాటర్‌ప్రూఫ్', 'ఇంకాబ్లాక్' అని గుండ్రంగా రాసి ఉంది. ఈ మాటలన్నీ నెట్‌లో వెతికితే వేల వాచీలు వస్తున్నాయి, ఒక్కటీ మాదాని లాగా లేదు. కంపెనీ పేరు తెలుసుకోవడం ఎలా? ఇంట్లో వాళ్ళేమో ముందు పాలిష్ పెట్టించి కొత్తదానిలా చేయించమంటున్నారు.

ముందు ఆ పాలిష్ సంగతి. దయచేసి ఆపండి. పాలిష్ అంటే పైన లోహాన్ని కొంచెం అరగదీయడమే. స్ట్రాప్ పట్టుకునే కొమ్ముల అంచులు, వెనక చెక్కిన అంకెలు, పక్కన ఎక్కడో వేసిన బుల్లి ముద్రలు, అంటే మీ వాచీని గుర్తుపట్టడానికి పనికొచ్చేవన్నీ, ముందు అక్కడే పోతాయి. ఒకసారి పోయినవి మళ్ళీ రావు. మురికి ఉంటే మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, అంతే. డయల్‌ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఇక వెనక ఉన్న మాటలు. వాటిలో ఒక్కటి కూడా కంపెనీ పేరు కాదు, మీ వెతుకులాట అందుకే ఎటూ తేలలేదు. ఇంకాబ్లాక్ అనేది వాచీ కిందపడినా లోపల సన్నటి ఇరుసు విరగకుండా కాపాడే చిన్న స్ప్రింగు ఏర్పాటు. 1930లలో వచ్చింది, ఆ తర్వాత వందల కంపెనీలు దాన్ని కొని తమ వాచీల్లో పెట్టుకుని ఆ పేరు గర్వంగా వెనక చెక్కించుకున్నాయి. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అంటే వెనక మూత ఒక్కటే స్టీలు అని అర్థం, ముందు భాగం చాలాసార్లు మామూలు లోహం మీద క్రోమియమో బంగారు పూతో. మొత్తం స్టీలైతే ఆ 'బ్యాక్' అన్న మాట అక్కర్లేదు కదా. 'వాటర్‌ప్రూఫ్' మాత్రం కాలం చెప్పడానికి కాస్త పనికొస్తుంది. 1960ల చివర అమెరికాలో ఆ మాట వాడొద్దని ఆంక్ష వచ్చింది, నీళ్ళను పూర్తిగా ఆపే వాచీ అంటూ ఏదీ ఉండదు గనక. ఆ తర్వాత మెల్లగా అందరూ 'వాటర్ రెసిస్టెంట్'కి మారారు. కాబట్టి మీది 1970లకు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. ఇది ఒక ఆధారమే, దీన్ని పట్టుకుని సంవత్సరం తేల్చేయకండి. మరో మాట, ఆ మూత మీద రాతను నమ్మి ఇప్పుడు దాన్ని నీళ్ళలో ముంచేరు, లోపల రబ్బరు రింగు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది.

అసలు సమాధానం మూత లోపల ఉంటుంది. పాత వాచీని గుర్తుపట్టాలంటే డయల్ మీద పేరు కన్నా లోపలి మెషిన్‌ని ఎక్కువ నమ్మాలి. డయల్‌కి మళ్ళీ రంగు వేయొచ్చు, పేరు మార్చొచ్చు. మెషిన్ మీద ఫ్యాక్టరీలో కొట్టిన అచ్చుని మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. మూతలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి నొక్కితే పట్టుకునేది, దాని అంచున ఎక్కడో ఒకచోట గోరు దూరేంత చిన్న సందు ఉంటుంది. రెండోది స్క్రూలా తిప్పి బిగించేది, దాని చుట్టూ గాట్లు ఉంటాయి. రెండింట్లో ఏదైనా సరే, వంటింటి చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో మీరు ప్రయత్నించొద్దు. కొంచెం జారితే చాలు, లోపల అటూ ఇటూ ఊగే సున్నితమైన చక్రం, బాలెన్స్ వీల్ అంటారు, అది పోతుంది. వాచీలు రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, "సర్వీసింగ్ ఏమీ వద్దండీ, మూత తీసి ఫొటో తీసుకోనిస్తే చాలు" అని అడగండి. రెండు నిమిషాల పని. దుమ్ము కనిపించిందని నోటితో ఊదకండి, నోటి తడి స్టీలు భాగాల మీద పడితే తుప్పు.

ఫొటో తీసేటప్పుడు మూడు చోట్ల చూడాలి. గబగబా అటూ ఇటూ తిరుగుతుండే చక్రం ఉంటుంది చూడండి, అదే బాలెన్స్ వీల్. దాని అంచు కింద, కింది పలక మీద, బియ్యపుగింజలో సగం కూడా ఉండని అంకెలు, వాటి పక్కన ఒక చిన్న గుర్తు ఉంటాయి. చక్రం ఆగి ఉంటే దాని కిందకి టార్చి లైటు ఏటవాలుగా వేస్తే గానీ కనపడవు. ఆ గుర్తు ఈటీఏ, ఏఎస్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, యునిటాస్, పెజు, ఫెల్సా, ఇలా ఏదో ఒకటి కావచ్చు. ఇవన్నీ మెషిన్లు మాత్రమే తయారుచేసి వాచీ కంపెనీలకు అమ్మిన స్విస్ ఫ్యాక్టరీలు. ఆ రోజుల్లో చాలా బ్రాండ్లు సొంతంగా మెషిన్ చేసుకునేవి కావు, వీళ్ళ దగ్గర కొని, డయలూ, కేసూ (మెషిన్ చుట్టూ ఉండే లోహపు తొడుగు) తొడిగి, తమ పేరు వేసుకునేవి. గుర్తు, అంకె తెలిస్తే ఆ మెషిన్ ఏ సంవత్సరాల మధ్య తయారైందో దొరుకుతుంది, దానితో చాలాసార్లు వాచీ వయసు పదేళ్ళ తేడాలోకి వచ్చేస్తుంది.

రెండోది, మెషిన్ పైన ఉండే వెడల్పాటి పలకలు, వాటిని బ్రిడ్జిలంటారు. అసలు కంపెనీ తన పేరు వేసుకుంటే ఇక్కడే వేసుకుంటుంది, 'సెవెంటీన్ జ్యూయెల్స్' అన్న మాట పక్కనే. ఎక్కువ వాచీల్లో డయల్ మీద పోయిన పేరు ఇక్కడ నిక్షేపంలా ఉంటుంది. ఒక్కోసారి బాలెన్స్ వీల్‌ని పట్టుకునే పలక మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి, అవి అమెరికాకి దిగుమతి అయిన మెషిన్లకు వేసిన సంకేతం. 'ఓ ఎక్స్ జి' అని ఉంటే ఒమేగా, 'ఆర్ ఓ డబ్ల్యూ' అని ఉంటే రోలెక్స్. అలాంటి వాటి మీదే 'అన్‌ఎడ్జస్టెడ్' అని కూడా ఉంటుంది, దాన్ని చూసి ఇదేదో నాసిరకం అని కంగారుపడకండి. టైము కచ్చితంగా చూపేలా సరిచేసిన ('ఎడ్జస్టెడ్') మెషిన్లకు అమెరికాలో సుంకం ఎక్కువ పడేది, అందుకని అలా ముద్రవేసి పంపేవారు.

మూడోది, తీసిన మూత లోపలి వైపు. ఇక్కడ కేసు తయారుచేసినవాళ్ళ ముద్ర, మోడల్ నంబరు ఉండొచ్చు. వాటితో పాటు సూదితో గీసినట్టు వంకర టింకర అంకెలూ అక్షరాలూ కూడా ఉంటాయి. వాటిని సీరియల్ నంబరు అనుకుని వెతకడం మొదలుపెడితే ఏమీ దొరకదు. అవి ఇన్నేళ్ళలో రిపేరు చేసినవాళ్ళు తమ లెక్క కోసం గీసుకున్నవి. నాకు మాత్రం అవంటే ఇష్టం. ఒక్కోసారి తేదీలు కూడా ఉంటాయి, తాతయ్య ఆ వాచీని ఎప్పుడెప్పుడు సర్వీసింగ్‌కి ఇచ్చారో వరసగా తెలుస్తుంది.

ప్రశ్న: నాన్నగారిది సీకో ఆటోమేటిక్. పేరు స్పష్టంగానే ఉంది, ఏ సంవత్సరందో తెలియాలి. వెనక 6119 అని, గీత పెట్టి ఇంకో నాలుగంకెలు ఉన్నాయి. వేరేగా ఒక ఆరు స్థానాల నంబరు ఉంది, అది 0 తో మొదలై తర్వాత 'ఎన్' అక్షరం వస్తుంది. అచ్చు తప్పా?

అచ్చు తప్పు కాదు, మీ పని సగం ఆ అక్షరమే చేసిపెట్టింది. ఆ కాలపు సీకో సీరియల్ నంబర్లో మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9, ఆ తర్వాత అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు ఇంగ్లీషు మొదటి అక్షరాలు. అంటే మీది సున్నాతో అయ్యే ఏదో ఒక సంవత్సరం నవంబరులో తయారైంది. 1970నా, 1980నా? అది చెప్పేది 6119. గీతకి ముందు నాలుగంకెలు మెషిన్ నంబరు, తర్వాతవి కేసు నంబరు. 6119 మెషిన్ 1960ల చివర్లో మొదలై 1970లలోనే ఆగిపోయింది, కాబట్టి 1970 నవంబరు. ఇంత తేలిగ్గా నెలతో సహా తెలిసే పాత వాచీలు అరుదు, మీరు అదృష్టవంతులు.

ఇదే పద్ధతి మిగతావాటికి పనిచేయదు, ఒక్కో కంపెనీది ఒక్కో దారి. సిటిజన్‌లో సీరియల్ మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, తర్వాతి రెండంకెలు నెల. చాలామంది సిటిజన్ వెనక ఉన్న 'జి ఎన్'తో మొదలయ్యే కోడ్‌ని మోడల్ అనుకుని వెతుకుతుంటారు, అది కేసు రకాన్ని చెప్పే కోడు, ఎన్నో మోడళ్ళ మీద అదే ఉంటుంది. బులోవా అయితే 1950 నుంచి ఒక అక్షరం, ఒక అంకె వేసింది: 'ఎల్' అంటే 1950లు, 'ఎమ్' అంటే 1960లు, 'ఎన్' అంటే 1970లు. 'ఎమ్ 5' అని ఉంటే 1965, ఇంక ఆలోచించే పనే లేదు. ఒమేగాకి సీరియల్ మెషిన్ మీద ఉంటుంది, సుమారుగా కోటి నంబరు దగ్గర 1944, రెండు కోట్ల దగ్గర 1963. రోలెక్స్‌కి మూత తీయక్కర్లేదు, చైను విప్పి కేసు పక్క చూడాలి. పాతవాటిలో 12 వైపు కొమ్ముల మధ్య మోడల్, 6 వైపు కొమ్ముల మధ్య సీరియల్ ఉంటాయి. లాంజీన్స్ వాళ్ళు పాత రిజిస్టర్లు భద్రంగా ఉంచుకున్నారు, సీరియల్ నంబరు పంపిస్తే ఏ వాచీ ఎప్పుడు తయారైందో వెతికి చెబుతారు. ఇక డయల్ మీద 'పారాషాక్' అని కనిపిస్తే అది ఇంకాబ్లాక్ లాంటిదే, కిందపడినా దెబ్బ తగలకుండా సిటిజన్ వాళ్ళు పెట్టిన ఏర్పాటు పేరు. హెచ్‌ఎమ్‌టీ 1961లో సిటిజన్ సాంకేతిక సహకారంతోనే వాచీలు మొదలుపెట్టింది కాబట్టి వాటి మీదా అదే మాట ఉంటుంది. అది చూసి రెండింటినీ కలిపేసుకోకండి.

ప్రశ్న: అమ్మమ్మ లేడీస్ వాచీ నాకు ఇచ్చింది, బంగారందే అని చెప్పేది. చాలా చిన్నది, చైనుతో సహా పసుప్పచ్చగా ఉంది. గీకి చూడమని ఒకాయన సలహా ఇచ్చాడు. వేరే దారి లేదా?

గీకకండమ్మా. ముందు భూతద్దంతో ముద్రలు వెతకండి, మూత లోపల, కొమ్ముల వెనక, చైను కొక్కెం దగ్గర. స్విట్జర్లాండ్ కేసుల మీద 1995కి ముందు 18 క్యారెట్లకు హెల్వేషియా అనే స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడత బొమ్మ వేసేవారు. 1995 నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల. బొమ్మ అరిగిపోయినా పక్కన 0.750 అనో 0.585 అనో అంకె దొరకొచ్చు. అవుంటే నిజమైన బంగారమే అని ఆశ పెట్టుకోవచ్చు.

'ప్లాకే', 'మైక్రాన్స్', 'రోల్డ్ గోల్డ్', 'గోల్డ్ ఫిల్డ్' ఈ మాటల్లో ఏది ఉన్నా పూతే. '20 మైక్రాన్స్' అంటే మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు మందం పూత అన్నమాట, అప్పట్లో అది మంచి పూత కిందే లెక్క. ఇంకో తిరకాసు, '14 కె' అని పెద్దగా ఉండి దాని పక్కన 'గోల్డ్ ఫిల్డ్' అని చిన్నగా ఉంటుంది, మన కళ్ళు మొదటిదాన్నే చదువుతాయి. మూత లోపల ఇన్నేళ్ళు గ్యారంటీ అని ఉన్నా పూతే, అసలు బంగారానికి ఏళ్ళ లెక్కన గ్యారంటీ ఎవరిస్తారు?

ముద్రలేవీ దొరక్కపోతే కొమ్ముల చివర్లు చూడండి. చైను ఆడుతూ రాసుకునే చోట, మణికట్టు వైపు అంచున, పూత ముందు అక్కడే పోతుంది. కిందనుంచి ఇత్తడి ఎర్రగానో, తెల్ల లోహమో కనిపిస్తే సందేహం అక్కర్లేదు. మంచి బంగారమైతే అరిగిన చోట కూడా అదే రంగు. కేసూ చైనూ వేరువేరు కాలాలవి, వేరువేరు నాణ్యతవి కావడం లేడీస్ వాచీల్లో మామూలే, రెండూ విడిగా చూడండి. అప్పటికీ తేలకపోతే గీయకుండా ఎక్స్‌రే యంత్రంతో పరీక్షించేవాళ్ళకు ఇవ్వండి, కాకపోతే మందపాటి పూతని అది ఒక్కోసారి బంగారంగా చూపిస్తుంది, కాబట్టి ముందే వాళ్ళతో "పూత అయ్యుండొచ్చు" అని చెప్పండి.

ప్రశ్న: మామయ్య ఇచ్చిన వాచీ డయల్ మీద ఫేవర్ లూబా అని తళతళలాడుతూ ఉంది. మూత తీయిస్తే మెషిన్ మీద వేరే పేరు. మోసపోయారా ఆయన? అడగడానికి మొహమాటంగా ఉంది.

మామయ్యని అప్పుడే అనుమానించకండి. డయల్ మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు ఉండటానికి నిజాయితీ కారణాలు కూడా ఉన్నాయి. మెషిన్ మీద ఉన్నది పైన చెప్పిన ఈటీఏ, ఏఎస్ లాంటి మెషిన్ ఫ్యాక్టరీ గుర్తయితే అందులో తప్పేం లేదు. డయల్ మీద ఉన్నది అమ్మిన షోరూమ్ పేరైనా కావచ్చు, పెద్ద షాపులు తమ పేరు కూడా వేయించుకునేవి. కానీ మెషిన్ బ్రిడ్జి మీద ఇంకో వాచీ బ్రాండు పేరే ఉంటే మాత్రం ఎప్పుడో ఎవరో రెండు వాచీలు కలిపి ఒకటి చేశారని అనుకోవాలి. పాత మెషిన్ పాడై విడిభాగాలు దొరకనప్పుడు అందులో సరిపోయే వేరేది పెట్టి నడిపించడం రిపేరు చేసేవాళ్ళకు పరిపాటే, అది మోసం చేయాలని చేసింది కాకపోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 'తళతళ'. యాభై అరవై ఏళ్ళ డయల్ అంత కొత్తగా ఉందంటే మళ్ళీ రంగు వేయించిందేమో చూడాలి. భూతద్దం పెట్టి 6 అంకె కింద అంచు చూడండి, 'స్విస్ మేడ్' లేకపోయినా, ఒక పక్కకి జరిగి ఉన్నా అనుమానించాల్సిందే. నిమిషాల గీతలు గంట గుర్తుల మధ్యకి సరిగ్గా వస్తున్నాయా? అక్షరాల అంచులు కత్తిరించినట్టు ఉన్నాయా, సిరా పాకినట్టు లావుగా ఉన్నాయా? సెకన్ల చిన్న వలయం ఉంటే దాని నడిబొడ్డులోంచే ముల్లు వస్తోందా? ఫ్యాక్టరీ అచ్చులో ఇవి తప్పవు, చేత్తో వేసిన దాంట్లో ఎక్కడో ఒకచోట దొరికిపోతాయి.

అమ్మే ఉద్దేశం ఉంటే ఇదంతా ముఖ్యం, రంగు వేసిన డయల్ ఉంటే సేకరించేవాళ్ళు మొహం తిప్పుకుంటారు. నా అభిప్రాయం అడిగితే మచ్చలున్న అసలు డయలే మేలు. కానీ మామయ్య గుర్తుగా పెట్టుకునేదైతే మీరేం బాధపడక్కర్లేదు, ఆయన రోజూ కట్టుకున్నది ఈ కలగలుపు వాచీనే కదా. అడగండి కూడా, "మామయ్యా, దీని మెషిన్ ఎప్పుడైనా మార్పించావా?" అంటే ఆయనే కథంతా చెబుతారేమో.

ప్రశ్న: చీకట్లో మెరిసే ముళ్ళున్న పాత వాచీలు ప్రమాదమని విన్నాను. మాది ఇప్పుడు మెరవడం లేదు, ముళ్ళ మీద పొడి గోధుమరంగుకి తిరిగింది. టెన్షన్‌గా ఉంది, పారేయనా?

పారేయొద్దు, అద్దం మాత్రం తీయొద్దు. 1960ల దాకా మెరవడానికి రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు వాడేవారు. మెరవడం ఆగిందంటే రేడియం పోయిందని కాదు. దాని సగం ఆయుష్షే, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలమే, 1600 సంవత్సరాలు, అరిగిపోయింది దాంతో కలిసి వెలిగే జింక్ సల్ఫైడ్. కాబట్టి మెరవకపోయినా రేడియోధార్మికత అలాగే ఉంటుంది. అసలు ప్రమాదం ఆ పొడి రాలి ఊపిరితో లోపలికి పోతే. మూసి ఉన్న వాచీని ఎప్పుడో ఒకసారి చూసుకోవడానికి అంత భయపడక్కర్లేదు గానీ, రోజంతా కట్టుకోవద్దు, తలగడ పక్కన పెట్టుకోవద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. రిపేరుకి ఇస్తే "రేడియం ఉండొచ్చు" అని ముందే చెప్పండి, చాలామంది చెప్పరు, పాపం ఆ పొడి పీల్చేది వాళ్ళు.

రేడియమా కాదా అన్నది కొంతవరకు డయలే చెబుతుంది. 6 కింద 'స్విస్ మేడ్'కి అటూ ఇటూ 'టి' అక్షరం ఉంటే అది ట్రిటియం, 1960లలో రేడియం స్థానంలో వచ్చింది. దాని సగం ఆయుష్షు పన్నెండేళ్ళ పైచిలుకు, ఇప్పటికి చాలా వరకు చల్లారిపోయి ఉంటుంది. 'టి' లేకుండా, డయల్ మీద ముళ్ళ ఆకారంలో గోధుమరంగు నీడ పడి ఉంటే, అంటే వాచీ ఆగిపోయి ముళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట ఉండి ఆ కాగుడు మచ్చ పడితే, అది రేడియమే అనుకుని జాగ్రత్తపడండి. రూఢి చేసుకోవాలంటే రేడియోధార్మికతను కొలిచే గైగర్ కౌంటర్ పెట్టి చూడాల్సిందే.

ప్రశ్న: నాయనమ్మ వాచీకి ఎవరో కీ ఎక్కువ ఇచ్చేసి పాడుచేశారట, ఇప్పుడు కీ తిరగడం లేదు. ఇక పనికిరాదా?

కీ ఎక్కువ ఇస్తే వాచీ పాడవుతుందన్నది అందరూ చెప్పే మాటే గానీ నిజం అది కాదు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకుపోయింది, లోపల నూనె ఎండి బంకలా మారింది కాబట్టి విడివడడం లేదు, అంతే. బలవంతంగా తిప్పితే అప్పుడు నిజంగానే ఏదో ఒకటి విరుగుతుంది. మెషిన్ విప్పి, కడిగి, కొత్త నూనె వేస్తే చాలాసార్లు మళ్ళీ నడుస్తుంది. సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు మూత తీయించి మెషిన్ ఫొటో తీసుకోండి, ఇచ్చిన మెషినే తిరిగొచ్చిందని చూసుకోవడానికి. పాత విడిభాగాలు ఏమైనా మారిస్తే వాటిని కూడా ఒక పొట్లంలో వేసి ఇవ్వమనండి.